మా అత్త తుడిచేసిన చుక్క

ఆకాశాన్ని ఫోటో తీయడం వల్ల మా ఇంట్లో ఎవరికీ పైసా ఉపయోగం లేదు. ఈ మాట నాది కాదు, మా ఆయనది. ఆయన అన్నదాంట్లో అబద్ధం ఏమీ లేదు. పుంగనూరులో మాకు ఫోటో స్టూడియో ఉండేది. పెళ్ళిళ్ళు, హాల్‌టికెట్టు ఫోటోలు, పోయినవాళ్ళ ఫోటోలు పెద్దవి చేసి ఫ్రేము కట్టివ్వడం, ఇదీ మా బతుకు. స్టూడియో పెట్టింది మా మామ. నేను కోడలిగా అడుగు పెట్టేసరికి ఆయన లేరు. ఆయన పాత కెమెరా ఉంది, ఆయన డార్క్‌రూం ఉంది, ఆయన దగ్గర పని నేర్చుకున్న మా అత్త ఉంది.

నాది మదనపల్లె. అక్కడే బీయస్సీ చదివాను. చదివినదాంట్లో నాకు చివరికి మిగిలింది చుక్కల పిచ్చి ఒక్కటే. పెళ్ళయ్యాక ఫిలిం కడగడం, ప్రింట్లు వేయడం నేర్చుకున్నాను. మామ కెమెరాలో 'బి' అని ఒక గుర్తు ఉండేది. అక్కడ పెట్టి మీట నొక్కి పట్టుకుంటే, వదిలేదాకా షట్టరు తెరిచే ఉంటుంది. కెమెరాను స్టాండు మీద బిగించి, ఉత్తరం వైపు తిప్పి, గంటసేపు అలా తెరిచి ఉంచితే భూమి తిరిగినంత మేర చుక్కలన్నీ గీతలై సాగుతాయని పుస్తకంలో చదివాను. మా మిద్దె మీద ఒకసారి ప్రయత్నించాను. వీధిలైట్ల వెలుగుకు ఫిలిం మొత్తం మసకబారింది. దీనికి కొండ ఎక్కాల్సిందేనని అర్థమైంది.

కొండ సంగతి చెప్పే ముందు అత్త పని సంగతి చెప్పాలి. ఆమెది టచింగ్ పని. నెగటివ్ మీద దుమ్ము ఉంటే ప్రింటులో తెల్ల చుక్క పడుతుంది, గీటు ఉంటే తెల్ల గీత పడుతుంది. వాటిని సన్న కుంచెతో, సిరాతో పూడ్చాలి. కానీ అత్తకు పేరు తెచ్చింది అది కాదు. చుట్టుపక్కల పల్లెల్లో అప్పట్లో చాలామంది బతికుండగా ఫోటో దిగేవాళ్ళు కాదు. పోయినాక మాకు కబురు వచ్చేది. మా ఆయన వెళ్ళి, గోడకు ఆనించి కూర్చోబెట్టిన మనిషిని ఫోటో తీసుకొని వచ్చేవాడు. ఆ ఫోటోలో మూసుకున్న కళ్ళను తెరిపించడం అత్త పని.

దానికి ఆమె ఒక పద్ధతి పెట్టుకుంది. పోయినవాళ్ళ బిడ్డల్లోనో తోడబుట్టినవాళ్ళలోనో పోలిక ఎవరికి ఎక్కువ ఉందో కనుక్కొని వాళ్ళను స్టూడియోకు రమ్మనేది. ఎదురుగా గోడ దగ్గర స్టూలు వేసి కూర్చోబెట్టేది. వాళ్ళ కళ్ళు చూస్తూ ఫోటోలో కళ్ళు వేసేది. దీన్ని మేము కళ్ళు అరువు తీసుకోవడం అనేవాళ్ళం. కూతురి కళ్ళు తల్లికి, తమ్ముడి కళ్ళు అన్నకు. కొత్తలో నేనిది చూడలేక పక్కగదిలోకి పోయేదాన్ని. తరవాత అలవాటైపోయింది, పక్కనే కూర్చొని చిక్కుడుకాయలు ఒలిచేదాన్ని.

తొంభైల చివర ఒక ఏడు వరసగా ఫోటోలు వెనక్కి రావడం మొదలైంది. గంగవరం దగ్గరి పల్లె నుంచి ఒక రైతు వాళ్ళమ్మ ఫోటోను అట్టపెట్టెతో సహా తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఈ కండ్లు మా యమ్మవి కాదప్పా" అన్నాడు మా ఆయనతో. "మా యమ్మ ఇట్ల సూడదు. ఈమెవురో మా ఇంట్లోకి కొత్తగా వచ్చినట్టుండాది."

ఆ కళ్ళు అరువిచ్చింది ఆయన చెల్లెలే. మా ఆయన తల దించుకొని ఫోటో వెనక్కి తీసుకున్నాడు. రైతు వీధి మలుపు తిరిగాక అత్త లోపలి నుంచి అంది, "ఆయప్ప వాళ్ళమ్మ మొగం బతికుండంగా ఎప్పుడన్నా నిదానంగా సూసినాడేమో కనుక్కో."

నాకు నవ్వొచ్చింది. మా ఆయనకు రాలేదు. ఆ రోజే తేల్చి చెప్పేశాడు.

"అమ్మా, నీకు కండ్లు కనపడటం లేదు. ఇంక కుంచె ఎత్తిపెట్టు. ఉండే పేరు పోతాది."

"కుంచె ఎత్తిపెట్టి నేనేం సేయాల? గడపలో కూసోని వచ్చేపొయ్యేవాళ్ళను లెక్కపెట్టాల్నా?"

"డాక్టరు దగ్గరికన్నా పోదాం రా."

"డాక్టరు నా కండ్లు సూస్తాడు. నా పని సూడడు కదా."

ఆమెది మొండితనమని అందరూ అనేవాళ్ళు. నాకు అలా అనిపించలేదు. మామ పోయినాక ఆ ఇంట్లో ఆమెకంటూ మిగిలింది కిటికీ పక్కన ఒక బల్ల, దాని మీద కుంచె. అవి తీసేస్తే ఆమె కొడుకు ఇంట్లో ఇంత తిని పడుకునే ముసలమ్మ అవుతుంది, అంతే. అది ఆమెకు తెలుసు. నాకూ తెలుసు. మా ఆయనకు తెలియదని కాదు, కానీ షాపుకొచ్చినవాళ్ళకు జవాబు చెప్పాల్సింది ఆయన.

ఆ డిసెంబరులో మిథున రాశి వైపు నుంచి ఉల్కలు రాలతాయని పేపర్లో పడింది. కొండకు పోయి ఫోటో తీస్తానని అడిగాను. ఆడమనిషి ఒక్కతే చీకట్లో కొండమీద ఉంటే ఊళ్ళో నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారని ఆయన మొదట ఒప్పుకోలేదు. తనకేమో పెళ్ళి ఆర్డర్లు. రెండు రోజులు పోయాక తనే వచ్చి అన్నాడు.

"అమ్మను తోడు తీసుకొని పో. అట్లే ఆమెకు చుక్కలు కనపడతాండాయో లేదో సూసిరా. కనపడితే నేనింక మాట్లాడను, కుంచె ఆమెదే. లేదంటే నువ్వే చెప్పు, మానుకోమని."

కొడుకు చెప్పలేని మాట కోడలి నోట చెప్పించాలని ఎత్తు. నాకు ఒళ్ళు మండింది. కానీ కొండ మీద ఆశ కొద్దీ సరేనన్నాను.

మదనపల్లెలో బస్సు మారి సాయంత్రానికి హార్స్‌లీ కొండ ఎక్కాం. పైన టీకొట్టు నడిపే కుటుంబం మా పుట్టింటివాళ్ళకు తెలిసినవాళ్ళు. వాళ్ళ మిద్దె మీద చోటిచ్చారు. నీలగిరి చెట్ల మీద నుంచి వచ్చే చలిగాలికి పళ్ళు టకటకలాడాయి. అత్త చీర మీద చీర చుట్టుకొని, తలకు తువ్వాలు కట్టుకొని, వక్కపొడి సంచి ఒళ్ళో పెట్టుకొని దర్జాగా కూర్చుంది. టార్చికి నేను ఎర్రకాగితం చుట్టి ఉంచాను. ఆ వెలుతురు చూసి, "ఇది మన డార్క్‌రూమే కదమే, పైకప్పు లేదు అంతే" అంది.

మా ప్రాంతంలో ధ్రువ నక్షత్రం చాలా కిందుగా, కొండల అంచుకు కాస్త పైన ఉంటుంది. దాన్ని ఫ్రేములో అడుగున పెట్టి, మీట పైకి లేవకుండా దాన్ని నొక్కి పట్టే తీగ బిగించాను. ఇంక చేయాల్సిందేమీ లేదు. స్టాండుకు కాలు తగలకుండా చూసుకోవడం, లెన్సు మీద మంచు పట్టకుండా అట్టముక్కతో విసురుతూ ఉండడం, అంతే. ఫోటోగ్రఫీలో ఇంత సోమరి పని ఇంకొకటి లేదు. బొమ్మ దానంతట అదే పడుతూ ఉంటుంది, మనం చలికి వణుకుతూ ఉంటాం.

చుక్కలు రాలడం మొదలైంది. మొదటిది నెత్తిమీద నుంచి పడమటికి పోయింది. నేను "ఆ!" అన్నాను. అత్త కూడా "ఆ!" అంది. ఇంకొకటి పడింది. "అబ్బా, ఏం పోత పోయిందమే!" అంది అత్త. మా వైపు చుక్క రాలితే ఎవరో పోయినట్టు లెక్క. నాలుగైదు పడ్డాక ఆమె వక్కపలుకు బుగ్గన పెట్టుకుంటూ, "ఈ లెక్కన రేపు తెల్లారితే మన స్టూడియో ముందర క్యూ కడతారు. సిరా సాలదు" అంది.

నేను పడీ పడీ నవ్వాను. నవ్వుతూనే ఒక సంగతి గమనించాను. ప్రతిసారీ నేను అన్నాకే ఆమె అంటోంది. నేను అట్టముక్కతో లెన్సుకు విసురుతూ తల వంచుకున్నప్పుడు ఆమె ఒక్కసారి కూడా నన్ను పిలవలేదు.

కాసేపాగి, ఏమీ పడకుండానే, తూర్పు వైపు చెయ్యి చూపించి "అదిగో అత్తా!" అన్నాను.

"సూసినా, సూసినా! దీనికి తోక కూడా ఉండాది" అంది.

నవ్వులాటకు చేసిన పని కాదది, పరీక్ష. ఫలితం తెలిసిపోయింది. ఆమెకు ఏమీ కనపడటం లేదు. అంతసేపూ చల్లటి చీకటిని చూస్తూ, నా గొంతును బట్టి నటిస్తూ కూర్చుంది. కుంచె కోసం. ఆమె మీద ఎంత జాలేసిందంటే, ఆ తరవాత నేను చుక్కలు రాలినప్పుడు నోరు తెరవడమే మానేశాను. కెమెరాకు ఎదురుగా, ఉత్తరాన, పెద్దది ఒకటి తెల్లగా మండుతూ కిందికి దిగింది. ఫ్రేములో పడిందని ఖాయంగా తెలుసు. అయినా పలకలేదు. అత్త కూడా పలకలేదు.

ఇంటికొచ్చాక ఆయన అడిగాడు. పెద్దది ఒకటి ఫ్రేములో పడింది, ఫిలిం కడిగినాక చెప్తానన్నాను. రెంటికీ సంబంధం లేదని ఆయనకు తోచేలోగా డార్క్‌రూంలోకి పోయి తలుపేసుకున్నాను.

ఫోటో నేను అనుకున్నదానికంటే బాగా వచ్చింది. నల్లటి ఆకాశంలో గీతలన్నీ ధ్రువ నక్షత్రం చుట్టూ విల్లుల్లా వంగి ఉన్నాయి. వాటన్నిటినీ అడ్డంగా కోసుకుంటూ ఒకే ఒక్క తిన్నని గీత, ఆ పెద్ద ఉల్క. పెద్ద సైజులో ప్రింటు వేసి, ఆరబెట్టి, వంటింట్లోకి పోయాను. మా ఇంట్లో ఆరిన ప్రింటు ఏదైనా సరే, ఎవరూ చెప్పకుండానే అత్త బల్ల మీదికి చేరుతుంది. ఏళ్ళ తరబడి ఉన్న పద్ధతి అది. ఆ సంగతి నాకు గుర్తే రాలేదు.

పొద్దున మా ఆయన ఆ ప్రింటు పట్టుకొని వచ్చాడు. మొహం వాడిపోయి ఉంది.

"పెద్దది ఒకటి పడిందంటివే, యాడ?"

చూశాను. వంగిన గీతలన్నీ ఉన్నాయి. తిన్నని గీత లేదు. అది పోయిన దారిలో ప్రతి గీతనూ మళ్ళీ అతికించినట్టు, సిరా ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియకుండా, శుభ్రంగా పూడ్చేసి ఉంది. అత్త వెనకాలే వచ్చింది.

"నెగటివ్‌కు గీటు పడిందమే. అంత పొడుగు గీటు. యాల జాగ్రత్తగా పట్టుకోకుంటివి?" అని నన్నే అడిగింది. "ఇంగోటి సన్నది కూడా ఉండాది, ఈ మూల. రెండూ తీసేసినా."

"సూసినావా" అన్నాడు మా ఆయన నాతో, మెల్లగా. "ఇంక చెప్పేదేముండాది? చుక్కకూ గీటుకూ తేడా తెలియలేదు."

నాకు కోపం వచ్చింది. కష్టపడి తీసిన బొమ్మ పాడైనందుకు కాదు, నెగటివ్ ఉంది, ఇంకొకటి వేసుకోవచ్చు. ఆయన అంత తొందరగా తేల్చేసినందుకు. సన్నది ఇంకొకటి అందే, అదేమిటో చూద్దామని నెగటివ్‌ను భూతద్దం కింద పెట్టాను. మూలన నిజంగానే ఇంకొక గీత ఉంది. తలవెంట్రుక కంటే సన్నం. ఆ రాత్రి నేను చూడని ఉల్క. ప్రింటు వేసేటప్పుడు కూడా నా కంటికి ఆనలేదు.

కొండమీద ఆకాశాన్ని చీల్చుకుంటూ పోయినవాటిలో ఒక్కటీ కనపడని మనిషికి, కాగితం మీద ఇది కనపడింది.

మధ్యాహ్నం అత్త ఒక్కతే ఉన్నప్పుడు పక్కన కూర్చున్నాను. "నిజం చెప్పత్తా. ఆ రాత్రి ఒక్కటన్నా సూసినావా?"

ఆమె కుంచె కొన పెదాల మధ్య తడుపుకుంది. తరవాత అంది, "నువ్వు 'ఆ' అన్నప్పుడల్లా నేనూ 'ఆ' అన్నా. పైన నాకు చుక్కలే లేవమే. నల్లగుడ్డ కప్పినట్టుండాది."

"మరి ఇది?"

"ఇది ముక్కు కాడ ఉండాది కదా. ముక్కు కాడిది చీమ కాలు కూడా కనపడతాది."

అప్పుడు నా బుర్రకు తట్టింది. దగ్గరిది చూసే చూపు చెక్కుచెదరలేదు, పోయింది దూరపు చూపు. బల్ల మీది ఫోటోలో ఆమె చెయ్యి తప్పలేదు. తప్పింది స్టూలు. గోడ దగ్గర కూర్చోబెట్టిన మనిషి కళ్ళు ఆమెకు అక్కడిదాకా అందడం లేదు. అందని కళ్ళను గుర్తు మీద, ఊహ మీద వేస్తోంది. అందుకే ఎవరెవరివో కళ్ళు వచ్చి కూర్చుంటున్నాయి. ఆ మాట ఆమె పైకి చెప్పలేదు. స్టూలు దగ్గరికి జరపమంటే ఎందుకని అడుగుతారు కదా.

నేనే జరిపాను. గంగవరం రైతు చెల్లెలిని మళ్ళీ పిలిపించి, అత్త మోకాళ్ళకు మోకాళ్ళు తగిలేలా కూర్చోబెట్టాను. ఇద్దరి ముఖాల మధ్య జానెడు ఎడం కూడా లేదు. ఆ పిల్ల మొదట సిగ్గుపడి నవ్వింది, తరవాత వాళ్ళమ్మను తలుచుకొని ఏడ్చింది. అత్త ఆగింది, ఆమె కళ్ళు తుడుచుకునేదాకా. మళ్ళీ వేసింది.

రైతు వచ్చి ఫోటో చేతిలోకి తీసుకున్నాడు. వెలుతురులోకి పోయి నిలబడ్డాడు. "ఇప్పుడు సూస్తాండాది" అన్నాడు. "మా యమ్మ నన్ను సూస్తాండాది." మా ఆయన ఆ తరవాత కుంచె మాట ఎత్తలేదు. నేను కొండమీద చేసిన పరీక్ష ఫలితం ఆయన మళ్ళీ అడగలేదు, నేను చెప్పలేదు.

చుక్కల ఫోటో ఇంకొకటి వేసి అత్త చేతికిచ్చాను. కుంచె ముందే దాచిపెట్టాను. ముక్కుకు ఆనించుకొని, గీత వెంబడి పై నుంచి కిందిదాకా తల కదిపింది. "గీటు మాదిరే ఉండాది. నేనేం సేసేది?" అని తిరిగి ఇచ్చేసింది.

డాక్టరు దగ్గరికి కూడా పోయాం, నేనే తీసుకుపోయాను. శుక్లం అన్నాడు. అది ముదిరేటప్పుడు కొందరికి దూరం మసకై, దగ్గరిది ఇంకా బాగా కనపడుతుందట. ఆపరేషన్ చేస్తే దూరం తేటపడుతుంది, దగ్గరికి మాత్రం అద్దాలు పెట్టుకోవాలన్నాడు. అత్త అంతా విని లేచి నిలబడింది. "నాకు పని దగ్గర. దూరం నాకెందుకు?" అని చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంది. ఎంత చెప్పినా కదల్లేదు.

రెండువేల సంవత్సరం తరవాత అన్నీ మారిపోయాయి. మా ఆయన స్టూడియోను కుప్పానికి మార్చాడు. అక్కడ రైలు ఉంది, బెంగళూరు దగ్గర, పని ఎక్కువ. కొన్నాళ్ళు ఫిలిం, కొన్నాళ్ళు రెండూ, ఆ తరవాత డిజిటల్ ఒక్కటే. డార్క్‌రూంలో బియ్యం మూటలు పెట్టుకున్నాం. పోయినవాళ్ళకు కళ్ళు తెరిపించే పని కంప్యూటర్‌కు వచ్చింది. బిడ్డ ఫోటోలోంచి కళ్ళు కత్తిరించి తల్లి ఫోటోలో అతికించడమే. అత్త ఒకరోజు తెర మీదికి ముక్కు ఆనించి ఆ పని మొత్తం చూసింది. "ఇదీ అరువే కదా" అంది. కొద్దిరోజులకు ఆమె బల్ల మీద ప్రింటరు వచ్చి కూర్చుంది. ఎవరూ కుంచె మానుకోమని చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు. నాకు మాత్రం ఆ బల్ల వైపు చూడాలంటే చాలా రోజులు బాధగా ఉండేది.

ఒక సాయంత్రం కొడుకును పిలిచి, "ఆ ఆపరేషన్ ఏందో సేపిస్తారా?" అంది. "దగ్గర ఇంక నాకు పనేముండాది? దూరమన్నా సూస్తా."

ఒక కన్ను, కొన్నాళ్ళకు రెండోది, రెండూ చేయించాం. డిసెంబరు వచ్చింది. శాంతిపురం దగ్గర చెట్టూచేమా లేని రాతికొండ ఒకటి ఉంది, దాని మీదికి సగందాకా బండి పోతుంది. ఈసారి మా ఆయన కూడా వచ్చాడు. కెమెరా స్టాండు తనే మోశాడు. కెమెరా కొత్తది, ఒక్క ఫోటో గంటసేపు తీయదు, చిన్న చిన్న ఫోటోలు వందలు తీస్తుంది, తరవాత వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చుకోవాలి. అది టిక్కు టిక్కుమంటూ తన పని తను చేసుకుంటోంది. అత్త బండరాయి మీద దుప్పటి పరుచుకొని వెల్లకిలా పడుకుంది. "ఇన్ని ఉండాయా" అని ఒక్కసారి అంది, మాతో కాదు.

ఉత్తరాన పెద్దది ఒకటి పడింది. తెల్లగా మొదలై, పచ్చగా మారి, కొండల అంచుదాకా దిగి ఆరిపోయింది. మా ఆయన నోరు తెరవబోయాడు. నేను ఆయన చెయ్యి నొక్కి పట్టుకున్నాను. ఈసారి మేం 'ఆ' అనకూడదు.

అత్త లేచి కూర్చుంది. అది ఆరిపోయిన చోటే చూస్తూ ఉంది.

"సూసినాను మే" అంది. "ఇంతదాన్నా నేను తుడిసేసింది?"